నెల్లూరు కలెక్టరు ఆదుకొన్న లెక్కల మేధావి సీమలో ఒంటరివాడైన వైనం

నెల్లూరు: డిసెంబరు 22వ తేదీ వచ్చిందంటే బడుల్లో గణిత దినోత్సవం జరుగుతుంది. శ్రీనివాస రామానుజన్ పటానికి పూలమాల వేసి, లెక్కల మాస్టారు నాలుగు మాటలు చెప్పి, పిల్లలకు పోటీలు పెట్టి బహుమతులు పంచుతారు. ఆయన 125వ జయంతి సందర్భంగా 2012ను గణిత సంవత్సరంగాను, డిసెంబరు 22ను ఏటా జాతీయ గణిత దినోత్సవంగాను కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అప్పటినుంచీ ఈ వేడుక జరుగుతోంది.

పిల్లలకు చెప్పే కథ సాధారణంగా ఒకటే. పేద కుర్రవాడు, లెక్కల్లో దిట్ట, దొరలు సీమకు పిలిపించుకొన్నారు, గొప్ప పేరు వచ్చింది, చిన్న వయసులోనే పోయాడు అని. సీమలో ఆ అయిదేళ్ళు ఆయన ఏం తిన్నారు, ఎలా పడుకొన్నారు, మనసు విప్పి ఎవరితో మాట్లాడారు అనేది ఆ కథలో రాదు. ఆయన అంత త్వరగా పోవడానికీ ఆ అయిదేళ్ళకూ సంబంధం ఉంది గనుక ఈ సంగతులు కూడా తెలుసుకోవలసినవే.

2015లో వచ్చిన 'ది మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ' అనే ఇంగ్లీషు సినిమా ఈ సంగతుల చుట్టూనే తిరుగుతుంది. దేవ్ పటేల్ రామానుజన్‌గా, జెరెమీ ఐరన్స్ ప్రొఫెసర్ హార్డీగా నటించారు. అంతకు ముందు ఏడాది, 2014లో, జ్ఞాన రాజశేఖరన్ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ 'రామానుజన్' సినిమా తీశారు. అందులో రామానుజన్ వేషం వేసిన అభినయ్ మన మహానటి సావిత్రి మనవడే.

విశాఖకు పారిపోయిన కుర్రవాడు

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో అమ్మమ్మ ఇంట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. కుటుంబం నామక్కల్ నామగిరి అమ్మవారి భక్తులు.

బడిలో ఉండగానే ఈయన లెక్కలు ఉపాధ్యాయులకు అందలేదు. పదహారో ఏట కార్ అనే దొర రాసిన ఒక లెక్కల సంకలనం చేతికి దొరికింది. వేలాది సూత్రాలు వరసగా రాసి ఉన్న పుస్తకం అది. ఎందుకు అలా వస్తుందో వివరంగా ఉండదు. ఆ లోటే ఈయనకు మేలైంది. ఒక్కొక్క సూత్రాన్నీ తనంతట తానే సాధించుకొంటూ పోయారు. దాంతో మిగతా పాఠాల మీద ధ్యాస పోయింది. కుంభకోణం కాలేజీలో ఇంగ్లీషు తప్పడంతో ఉపకార వేతనం పోయింది.

1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం చేరారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు. తల్లిదండ్రులు నానా చోట్లా వెతికి చివరికి ఇంటికి తెచ్చుకొన్నారు. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు. లెక్కల్లో ఎదురులేని మనిషి మిగతా వాటిలో గట్టెక్కలేదు. డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. 1909 జులైలో పెళ్ళి అయింది. పెళ్ళికూతురు జానకికి పదేళ్ళు.

నెల్లూరులో దొరికిన ఆధారం

సంసారం నెత్తిన పడ్డాక రామానుజన్ లెక్కల పుస్తకం చంకన పెట్టుకొని ఉద్యోగం కోసం తిరిగారు. ఆ తిరుగుడులో 1910 చివర నెల్లూరు కలెక్టరు ఆర్.రామచంద్రరావు గారి కంటబడ్డారు. కలెక్టరుగా ఉంటూనే రామచంద్రరావు గారు లెక్కలంటే చెవి కోసుకొనే మనిషి. భారత గణిత సంఘానికి కార్యదర్శిగా కూడా పనిచేశారు.

ఎదుట నిలబడిన మనిషి పొట్టిగా, కాస్త లావుగా, గడ్డం గీయకుండా, మాసిన బట్టలతో ఉన్నాడు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. చంకలో నలిగిన నోటుపుస్తకం. మొదట కలెక్టరుగారికి నమ్మకం కుదరలేదు. ఇదంతా సొంత తెలివేనా, ఎక్కడినుంచైనా ఎత్తి రాశాడా అని సందేహించారు. మళ్ళీ పిలిపించి కూర్చోబెట్టి చెప్పించుకొన్నారు. రామానుజన్ తేలిక లెక్కలతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయేసరికి ఆయన సందేహం తీరిపోయింది. ఏం కావాలని అడిగితే, పూట గడవడానికి ఇంత ఆధారం ఉంటే చాలు, లెక్కలు చేసుకొంటానని రామానుజన్ చెప్పారు.

కలెక్టరు తలచుకొంటే ఏదో ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా వేయించడం పెద్ద పని కాదు. ఆయన అలా చేయలేదు. ఇంతటివాణ్ణి నెల్లూరు వంటి మారుమూల పట్నంలో ఉంచితే కుళ్ళిపోతాడని తలచి మద్రాసుకు తిప్పి పంపారు. నెల్లూరు వాళ్ళకు ఈ మాట రుచించకపోవచ్చు గాని ఆ మనిషి ఉద్దేశం మంచిదే. పరీక్షలు తప్పినవాడికి ఉపకార వేతనం ఇప్పించడం సాధ్యం కాకపోతే నెలకు పాతిక రూపాయలు తన జేబులోనుంచే పంపారు. ఆ రోజుల్లో పాతిక రూపాయలంటే ఒక చిన్న సంసారం గడిచే డబ్బు.

ఊరికే తినడం రామానుజన్‌కు నచ్చలేదు. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరారు. కాగితం కొనే స్తోమత లేక లెక్కలన్నీ పలక మీద చేసి మోచేత్తో తుడిచేవారు. జవాబు మాత్రమే పుస్తకంలోకి ఎక్కించేవారు. మధ్యలో ఎలా వచ్చిందో రాయకపోవడం వల్ల తరువాతి పండితులకు ఎన్నో ఏళ్ళ పని మిగిలింది.

1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని ప్రొఫెసర్ జి.హెచ్.హార్డీకి ఉత్తరం రాశారు. తాను ఏడాదికి 20 పౌనుల జీతం తెచ్చుకొనే గుమాస్తానని చెప్పుకొని, ఉత్తరం వెంట సూత్రాలు జతచేశారు. అంతకు ముందు మరి ఇద్దరు దొరలకు రాస్తే పని జరగలేదు. హార్డీ కూడా మొదట ఎవరో పిచ్చివాడనుకొన్నారట. ఆ రాత్రి తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి ఆ కాగితాలు తిరగేశాక, రాసినవాడు అసామాన్యుడని ఇద్దరికీ తేలిపోయింది.

పిలక తీసి ఓడ ఎక్కిన రోజు

సముద్రం దాటితే కులంలోనుంచి వెలివేసే కాలమది. రామానుజన్ మొదట రానన్నారు. నెవిల్ అనే కేంబ్రిడ్జి ప్రొఫెసరు మద్రాసు వచ్చినప్పుడు నచ్చజెప్పారు. తల్లి కూడా తనకు నామగిరి అమ్మవారు కలలో అనుమతి ఇచ్చిందని చెప్పి ఒప్పుకొన్నది. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌనులు మంజూరు చేసింది. అందులో 50 పౌనులు కుంభకోణంలో తల్లికి చేరేలా రామానుజన్ ఏర్పాటు చేసుకొన్నారు.

ప్రయాణానికి ముందు పిలక తీయించారు. కోటు, బూట్లు వేయించారు. ఆ వేషం చూడలేరని తల్లినీ భార్యనూ ముందే కుంభకోణం పంపేశారు. వెంట వస్తానని జానకి అడిగింది గాని ఆయన ఒప్పుకోలేదు. ఆమెకు అప్పటికి పదిహేనేళ్ళు. సినిమాలో జానకిని నిండు వయసు స్త్రీగా చూపారు. అలాగే ముప్పయ్యేడేళ్ళ హార్డీగా నటించినాయనకు అరవై దాటాయి. అవి సినిమావాళ్ళ సౌకర్యాలు.

1914 మార్చి 17న 'నెవాసా' అనే ఓడ మద్రాసు రేవు విడిచింది. ఏప్రిల్ 14న రామానుజన్ లండనులో దిగారు.

మొదటి కొన్ని వారాలు నెవిల్ దంపతుల ఇంట్లో ఉన్నారు. ఆ ఇల్లాలు ఆదరంగా చూసింది. తరువాత ట్రినిటీ కాలేజీ గదుల్లోకి మారారు. హార్డీ గది దగ్గరే. రోజూ కలుసుకొని లెక్కలు చేసేవారు. అంతా బాగానే ఉందనుకొనేలోగా ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. లిటిల్‌వుడ్ సైన్యం పనికి పోయారు. కాలేజీ ఆవరణ గాయపడ్డ సిపాయిల ఆసుపత్రి అయింది. విద్యార్థులు యుద్ధానికి వెళ్ళిపోయి ఊరు బోసిపోయింది. కూరగాయలు దొరకడం కష్టమైంది.

మన మనిషి శుద్ధ శాకాహారి. కాలేజీ భోజనశాలలో వేపుడుకు వాడేది పంది కొవ్వని అనుమానం వచ్చాక అక్కడ తినడం మానేశారు. గదిలోనే పొయ్యి పెట్టుకొని చారు కాచుకొని అన్నం వండుకొనేవారు. చింతపండు, పచ్చళ్ళు ఇంటినుంచి రావాలి. లెక్కల్లో పడితే పొయ్యి మాటే మరచిపోయేవారు. రాత్రంతా కూర్చుని పొద్దుటిపూట పడుకొనేవారు. ఒక పూట వండుకొని రెండు రోజులు నెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాలేజీల్లో కలిసి భోజనం చేసే చోటే స్నేహాలు కుదురుతాయి. ఆ చోటికి ఈయన పోలేదు.

చలి మరో శత్రువు. అదే రోజుల్లో కేంబ్రిడ్జిలో చదువుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒకనాడు గదికి వచ్చారు. తరువాత మన దేశంలో గణాంక శాస్త్రానికి పునాది వేసింది ఈయనే. రాత్రిళ్ళు చలికి తట్టుకోలేక కోటు వేసుకొని, పైన శాలువా కప్పుకొని పడుకొంటున్నానని రామానుజన్ చెప్పారు. కంబళ్ళు ఇవ్వలేదా అని మహలనోబిస్ మంచం దగ్గరకు వెళ్ళి చూస్తే, దుప్పటి కింద కంబళ్ళు చక్కగా పరిచి అంచులు పరుపు కిందికి మడిచి ఉన్నాయి. వాటి మధ్యకు దూరి పడుకోవాలని రామానుజన్‌కు తెలియదు. చాప మీద పడుకొని పెరిగిన మనిషికి ఆ పద్ధతి ఎవరైనా చెప్పాలి గదా. పక్క గదుల్లో అంతమంది చదువుకొన్నవాళ్ళుండి కూడా ఆ ఒక్క మాట చెప్పినవాళ్ళు లేకపోయారు.

మనసు కూడా సున్నితమైపోయింది. ఒకసారి ఒక భారతీయ స్నేహితుణ్ణీ, ఆయన పెళ్ళాడబోయే అమ్మాయినీ, మరొకరినీ భోజనానికి పిలిచి తన చేత్తో వండి వడ్డించారు. మారు వడ్డించారు. మూడోసారి చారు పోయబోతే ఆడవాళ్ళు చాలన్నారు. కాసేపటికి చూస్తే ఆతిథ్యం ఇచ్చినాయన గదిలో లేరు. ఎంత వెతికినా కనపడలేదు. నాలుగు రోజుల తరువాత ఆక్స్‌ఫర్డ్ నుంచి తంతి వచ్చింది, అయిదు పౌనులు పంపమని. తన వంట కాదన్నారని చిన్నబోయి, చేతిలో ఉన్న డబ్బుతో రైలెక్కి వెళ్ళిపోయారు. పదేళ్ళ కిందట విశాఖకు రైలెక్కినట్లే.

హార్డీ స్నేహం

హార్డీ చెడ్డవారు కారు. రామానుజన్ గొప్పతనాన్ని లోకానికి చాటింది ఆయనే. యుద్ధాన్ని, జాత్యహంకారాన్ని అసహ్యించుకొనే మనిషి. ఒక తెల్ల ప్రొఫెసరు ఆ కాలంలో నల్ల గుమాస్తాను సమానుడిగా కూర్చోబెట్టుకొని కలిసి పరిశోధన చేయడం చిన్న సంగతి కాదు. కాని ఆయన పెళ్ళి చేసుకోని, బిడియస్తుడైన మనిషి. సొంత విషయాలు అడగడం మర్యాద కాదనే సీమ పద్ధతిలో పెరిగినవారు. దేవుడంటే నమ్మకం లేదు. పక్కనున్నాయన ప్రతి సూత్రమూ నామగిరి అమ్మవారి ప్రసాదమని నమ్మినవాడు. ఇద్దరూ గంటల తరబడి లెక్కలు మాట్లాడుకొన్నారు. అన్నం తిన్నావా, ఇంటినుంచి ఉత్తరం వచ్చిందా అనే మాటలు మన పల్లెల్లో ముక్కు మొహం తెలియనివాళ్ళు కూడా అడుగుతారు. ఆ ఇద్దరి మధ్య అవి అరుదు.

ఉత్తరాల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. మొదట్లో రామానుజన్ ఇంటికి నెలకు మూడు నాలుగు ఉత్తరాలు రాసేవారు. అక్కడ అత్తా కోడళ్ళకు పడలేదు. జానకి రాసిన ఉత్తరాలు భర్తకు చేరలేదు. భర్త రాసినవి జానకికి అందలేదు. అత్తగారు వాటిని దాచేసేదని తరువాత తెలిసింది. చివరికి జానకి అత్తిల్లు విడిచి కరాచీలో ఉన్న సోదరుని దగ్గరకు వెళ్ళిపోయింది. ఇక్కడ జరిగేది తెలియక రామానుజన్ కూడా ఉత్తరాలు తగ్గించేశారు. సినిమాలో ఈ భాగం చూస్తే కన్నీరు వస్తుంది. అది కల్పన కాదు.

1917లో రామానుజన్ జబ్బుపడ్డారు. క్షయ అనుకొని ఒక శానిటోరియం నుంచి మరొక దానికి మార్చారు. అప్పట్లో క్షయకు మందు కిటికీలు తీసిపెట్టి చల్లగాలి పట్టించడమే. చలికి వణికే మనిషికి అదే వైద్యమైంది. తిండి సహించేది కాదు. డెర్బీషైర్‌లోని మాట్‌లాక్‌లో ఉండగా కడలూరుకు చెందిన రామలింగం అనే ఇంజనీరు మూడు రోజులు వెంట ఉండి చూసి హార్డీకి ఎంతో పొడవైన ఉత్తరం రాశారు. అందులో లెక్కల ఊసు లేదు. రామానుజన్ ఏం తింటున్నారు, ఏం తినడం లేదు, ఏది వండిపెడితే తింటారు అనే అంతా. రోగి పక్కన కూర్చున్నవాడికి కనిపించే సంగతులు అవే.

1918 మొదటి నెలల్లో లండనులో రామానుజన్ భూగర్భ రైలు కింద పడి ప్రాణం తీసుకోబోయారు. రైలు సమయానికి ఆగడంతో గాయాలతో బయటపడ్డారు. పోలీసులు పట్టుకొంటే హార్డీ పరుగున వెళ్ళి, ఈయన రాయల్ సొసైటీ సభ్యుడని చెప్పి విడిపించారంటారు. అప్పటికి ఆ గౌరవం ఇంకా రాలేదు. కొద్ది కాలానికే నిజంగా వచ్చింది. భారతీయుల్లో ఆ సభ్యత్వం పొందినవారిలో ఆయన రెండోవారు. అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలో కూడా అయ్యారు.

వాళ్ళిద్దరూ కలిసి సాధించిన పనిలో ఒకటి చెప్పుకోవచ్చు. నాలుగు కొబ్బరికాయలను కుప్పలుగా ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? నాలుగూ ఒకటిగా, మూడూ ఒకటీగా, రెండూ రెండుగా, రెండూ ఒకటీ ఒకటీగా, నాలుగూ విడివిడిగా. మొత్తం అయిదు రకాలు. అదే 200 కాయలైతే? జవాబు 39,72,99,90,29,388. దాదాపు నాలుగు లక్షల కోట్లు. మేజర్ మెక్‌మాన్ అనే ఆయన దీన్ని చేత్తో లెక్కకట్టారు. హార్డీ, రామానుజన్ 1918లో ప్రకటించిన సూత్రంతో చేసినా అదే అంకె వచ్చింది.

పట్నీ ఆసుపత్రిలో ఉండగా హార్డీ చూడటానికి వచ్చారు. ఏం మాట్లాడాలో తోచక, వచ్చిన టాక్సీ నెంబరు 1729 అనీ అందులో విశేషమేమీ లేదనీ అన్నారు. రామానుజన్ వెంటనే సరిచేశారు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయదగిన అంకెల్లో అదే అతి చిన్నది. ఒకటి ఘనం 1, పన్నెండు ఘనం 1728. తొమ్మిది ఘనం 729, పది ఘనం 1000. ఎలా కలిపినా 1729. ఈ కథను తెలివికి ఉదాహరణగా చెబుతారు. రోగి మంచం పక్కన కూర్చుని టాక్సీ నెంబరు తప్ప మరో మాట దొరకని స్నేహితుణ్ణి కూడా అందులో చూడవచ్చు. ఆ మాటకే రోగి ముఖం వికసించి ఉంటుందనడంలో సందేహం లేదు.

తిరిగి వచ్చాక

1919 ఫిబ్రవరి 27న రామానుజన్ 'నగోయా' ఓడ ఎక్కారు. బొంబాయి రేవులో తల్లి, తమ్ముడు ఎదురొచ్చారు. జానకి కనపడకపోతే ఏదని అడిగారట. తరువాత ఆమె వచ్చి చేరింది. మద్రాసు, కొడుముడి, కుంభకోణం, మళ్ళీ మద్రాసు అంటూ వైద్యం కోసం తిప్పారు. ఆ ఏడాది జానకే పక్కనుండి అన్ని సేవలూ చేసింది. నిన్ను వెంట తీసుకెళ్ళి ఉంటే ఇంత జబ్బు చేసేది కాదని ఆయన అన్నట్లు ఆమె ముసలితనంలో చెప్పుకొన్నారు. పడకమీద నుంచే లెక్కలు రాశారు. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో ఒక కొత్త రకం సూత్రాలను వివరించారు.

1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. వయసు 32. అది క్షయ కాదు, ఎన్నో ఏళ్ళ కిందటి జిగట విరేచనాల వల్ల కాలేయానికి పట్టిన జబ్బయి ఉండవచ్చుననీ, అది కనిపెట్టి ఉంటే అప్పటి వైద్యంతోనే నయమయ్యేదనీ 1994లో ఒక ఇంగ్లీషు వైద్యుడు పాత కాగితాలు పరిశీలించి రాశారు.

సముద్రం దాటి వచ్చి రామేశ్వరంలో ప్రాయశ్చిత్తం చేయించుకోలేదని బంధువుల్లో చాలామంది శవం దగ్గరకు రాలేదు. ప్రాయశ్చిత్తానికి వెళ్ళే ఓపిక ఆ మనిషికి ఎక్కడిది? దహన ఏర్పాట్లు చూసింది రామచంద్రరావు గారు. పదేళ్ళ కిందట నెల్లూరులో నలిగిన పుస్తకం తెరిపించి చూసిన కలెక్టరే.

జానకి గారికి అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. విశ్వవిద్యాలయం నెలకు 20 రూపాయల పింఛను ఇచ్చింది. బొంబాయిలో సోదరుని దగ్గర కొన్నాళ్ళు ఉండి కుట్టుపని నేర్చుకొన్నారు. 1930ల మొదట్లో మద్రాసు తిరిగి వచ్చి తిరువల్లిక్కేణిలో కుట్టుమిషను మీద బతికారు. ఒక అనాథ పిల్లవాణ్ణి పెంచి పెద్దచేశారు.

రామానుజన్ చివరి ఏడాది రాసిన కాగితాలు మద్రాసు నుంచి హార్డీకి చేరి, తరువాత ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయి. 1976లో జార్జి ఆండ్రూస్ అనే అమెరికా ప్రొఫెసరు ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో ఒక పెట్టె తెరిస్తే బయటపడ్డాయి. నూట ముప్పైకి పైగా పుటలు. ఈ వార్తతో విలేఖరులు జానకి గారిని వెతుక్కొంటూ వెళ్ళారు. తన భర్తకు విగ్రహం పెడతామని ఎప్పుడో మాట ఇచ్చారు, ఏదీ ఆ విగ్రహం అని ఆమె అడిగారు. ఆ మాట అమెరికా దాకా వెళ్ళింది. దేశదేశాల లెక్కల పండితులు తలా కొంత చందా వేసుకొని పాల్ గ్రాన్‌లండ్ అనే శిల్పి చేత కంచు విగ్రహం పోయించి 1980లలో ఆమెకు అందజేశారు. 1987లో భర్త శతజయంతి ఉత్సవాలు కూడా ఆమె కళ్ళారా చూశారు. 1994 ఏప్రిల్ 13న, 95వ ఏట ఆమె కన్నుమూశారు.